గేటు ముందు పాట

ఆ ఉదయం పళ్ళు తోముకుంటూ చెవిగారు రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, మధ్యాహ్నం లోపల పాట మిక్సింగ్ పూర్తిచేసి ప్రొడ్యూసర్ మొహాన పడెయ్యడం. రెండోది, వదినగారింటికి వెళ్ళి, అక్కడ చేరిన భార్యను బతిమాలి ఇంటికి తెచ్చుకోవడం. ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గర నోట్లో నురగతో చాలాసేపు నిలబడ్డాడు. చివరికి రెండూ ఒక్క ప్రయాణంలోనే తేలిపోతాయని తోచింది. తోచడం వరకు బాగానే తోచింది.

చెవిగారు అసలు పేరు కాదు, రికార్డింగ్ స్టూడియోలో పడిన బిరుదు. పాడినవాళ్ళ గొంతులనీ వాయించినవాళ్ళ వాద్యాలనీ ఒకదాని కాలు ఒకటి తొక్కకుండా సర్దిపెట్టడం అతని వృత్తి. గదిలో పదిమంది కూర్చుని ఉండగా కుర్చీ కిర్రుమంటే ఏ కుర్చీయో కళ్ళు మూసుకుని చెప్పేస్తాడు. అందుకే అక్కడ చిన్నా పెద్దా అందరికీ చెవిగారే. ఇంట్లో మాత్రం ఆ పిలుపు చెల్లలేదు. ఇంట్లో ఉన్నది భార్య ఒక్కతే, ఆ చెవుల సంగతి ఆవిడకు వేరేగా తెలుసు.

వెళ్ళేరోజు ఆవిడ గుమ్మంలో నిలబడి, "నేను అక్క దగ్గరికి వెళ్తున్నా. ఎందుకో నీకు తెలుసు" అంది. అతను తెలిసినట్టు తలూపాడు. తలుపు మూసుకున్నాక మొదలైంది ఆలోచన. వంటింట్లో కారే కుళాయి బాగుచేయించనందుకా? పడగ్గదిలో మంచానికి అటొకటి ఇటొకటి స్పీకర్లు పెట్టినందుకా? ఆవిడ చిన్నమ్మ కూతురి పెళ్ళికి వెళ్ళి, భోజనాల దగ్గర బ్యాండువాళ్ళకు డ్రమ్ము శ్రుతి సరిచేస్తూ ఉండిపోయినందుకా? ఒక్కోరోజు ఒక్కో కారణం మీద మొగ్గు చూపాడు. అడుగుదామంటే, తెలుసన్నట్టు తలూపిన మనిషి ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

ఇక పాట. అది రెగెటాన్. ఎక్కడో సముద్రాల అవతల పుట్టి, ఇప్పుడు ఆటోలోనూ జిమ్ములోనూ మంగలి షాపులోనూ వినిపిస్తున్న తాళం. మామూలుగా ఎగిరి గంతులేయిస్తుంది. ఇది మాత్రం నిదానం రకం. దుం... త, దుం, త. నిద్రపట్టని మనిషి చీకటి గదిలో అటూ ఇటూ తిరుగుతున్నట్టుంటుంది. దాని మీద గాయకుడు పాడడు, చెవి దగ్గర గుసగుసలాడతాడు. ఒక పిల్లను పట్టుకుని వదలలేని వాడి గోల. చెవిగారు ఆ పాటను నెలరోజులుగా పొద్దున్నుంచీ రాత్రి దాకా వింటున్నాడు. ఎవరైనా అడిగితే "బేస్ కొంచెం బురదగా ఉంది" అనేవాడు, పాట అడుగున దుమ్మనే లావు శబ్దం గురించి. అంతకు మించి ఆ పాట గురించి అతని దగ్గర సమాచారం లేదు.

ఆ వృత్తిలో ఒక ఆచారం ఉంది. స్టూడియోలో ఎంత ఖరీదైన స్పీకర్లున్నా చివరి పరీక్ష కారులోనే. జనం వినేది అక్కడే కదా! చెవిగారికి డొక్కు కారు ఒకటుంది. దానిలో స్పీకర్లు మాత్రం పెళ్ళి ఊరేగింపుకు సరిపోతాయి. వాటికంటే అతను నమ్మేది ఎడమవైపు ముందు తలుపును. బేస్ ఎక్కడైనా గీత దాటితే ఆ తలుపు జుర్రుమంటుంది. ఈ పాటలో సరిగ్గా నాలుగు లైన్ల దగ్గర జుర్రుమంటోంది. తలుపు ఒప్పుకునేదాకా చెవిగారు ఒప్పుకోడు.

వదినగారిది సందడి లేని వీధి. ఆవిడ భర్త పళ్ళ డాక్టరు. కింద క్లినిక్కు, పైన కాపురం. చెవిగారు వెళ్ళేసరికి వీధిలో నీడ ఒక్క చోటే ఉంది, వాళ్ళ గేటు ముందు. 'ఒక్క నిమిషమే కదా' అనుకుని గేటుకు అడ్డంగా కారు ఆపాడు. ఇంజను ఆపేశాడు. ఇంజను శబ్దం ఉంటే పరీక్ష పనికిరాదు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. ముందు ఆ నాలుగు లైన్లు ఒక్కసారి చూసుకుని, మనసు తేలికయ్యాక లోపలికి వెళ్ళి భార్యతో మాట్లాడాలని అతని ఆలోచన. నిజానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు. "తప్పు నాదే" అని మొదలుపెట్టాలి. ఏ తప్పో ఆవిడే చెబుతుంది.

దుం... త, దుం, త. తలుపు జుర్రుమంది. బేస్ కాస్త తగ్గించాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జుర్రుమంది.

సన్నటి శబ్దాలు గోడ దగ్గర మర్యాదగా ఆగిపోతాయి. లావు శబ్దాలు గోడను లెక్కచెయ్యవు. క్లినిక్కులో పుక్కిలించే గ్లాసులో నీళ్ళు వలయాలు తిరగసాగాయి. పళ్ళెంలో పనిముట్లు గలగలమన్నాయి. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నది ఆ పేట పోలీసు ఇన్‌స్పెక్టరు. దొంగల్ని గడగడలాడించే ఆ మనిషికి సూది అంటే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు సూది దించుతున్న క్షణంలో బయటి నుంచి దుమ్మని ఒక దెబ్బ వచ్చింది. చెయ్యి కదిలింది. దవడకు పడాల్సిన మందు సగం నాలుకకు పోయింది.

"డాక్టరుగారూ, నాలుక..." అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కంగారుపడకండి సార్, దిగిపోతుంది. ఎలాగూ మొద్దుబారేదాకా ఆగాలి" అన్నాడు డాక్టరు చెమటలు తుడుచుకుంటూ.

బయట చెవిగారు రెండో అంచెకు వచ్చాడు. పాట కారు లోపల ఎలా ఉందో చూస్తే చాలదు, బయట నిలబడ్డవాడికి ఎలా వినిపిస్తుందో కూడా చూడాలి. కారు తలుపులు బార్లా తెరిచి, శబ్దం పెంచి, దిగి కొంచెం దూరం నడిచాడు. ఇప్పుడు మాటలు కూడా వీధిలోకి వచ్చాయి.

"తలుపు మూసుకో, తాళం వేసుకో,
నీ నీడ నా దగ్గరే ఉంది.
ఎక్కడ దాక్కున్నా ఊపిరి వినబడుతుంది,
నువ్వు లేక నేను లేనే లేను."

నాలుగు లైన్లు అయ్యాయి. మళ్ళీ మొదటికి వచ్చాయి. చెవిగారు ప్రహరీ గోడ దగ్గరికెళ్ళి చెవి ఆనించాడు, బేస్ గోడలో ఎంత దూరం పాకుతోందో చూద్దామని. తర్వాత మేడ మీది కిటికీల వైపు తలెత్తి చూశాడు, అద్దాలు వణుకుతున్నాయేమోనని. వణుకుతున్నాయి. తల అడ్డంగా ఊపుతూ, తనలో తను ఏదో గొణుక్కుంటూ కారు దగ్గరికి వెళ్ళి, మళ్ళీ పెట్టి, మళ్ళీ వచ్చి గోడకు చెవి ఆనించాడు.

ఇదంతా ఎదురింటి టీచరమ్మ కర్టెను సందులోంచి చూస్తోంది. మాసిన గడ్డం. నిద్రలేని కళ్ళు. కారు గేటుకు అడ్డం. గోడకు చెవి. నోట్లో గొణుగుడు. పైగా ఆ పాట. ఆవిడ ముందు పోలీస్ స్టేషనుకు ఫోన్ చేసి, "మా ఎదురింటి గేటు ముందు ప్రేమోన్మాది నిలబడ్డాడు, ఎవరినైనా పంపండి" అని చెప్పింది. తర్వాత క్లినిక్కుకు చేసింది. "డాక్టరుగారూ, బయటికి రాకండి, తలుపులు వేసుకోండి. ఆడవాళ్ళు జాగ్రత్త" అంది.

డాక్టరు కిటికీలోంచి తొంగిచూశాడు. "అయ్యో, మా తోడల్లుడు! వాళ్ళావిడ మా ఇంట్లోనే ఉంది" అన్నాడు.

ఇన్‌స్పెక్టరుకు కుర్చీలోంచి లేవడానికి గౌరవప్రదమైన కారణం అంతకుముందు నుంచే కావాలి. మెడలో ప్లాస్టిక్ గుడ్డ అలాగే వేలాడుతుండగా లేచాడు. "కట్టుకున్న ఆవిడ పుట్టింటికి... అదే, అక్కగారింటికి వస్తే వెంటపడి వేధిస్తున్నాడన్నమాట" అన్నాడు సగం నోటితో. ఇలాంటి కేసులు చివరికి ఎక్కడ తేలతాయో అతనికి తెలుసు. ఆ మాట అన్నప్పుడు అతని మొహంలో నవ్వులాట లేదు.

మేడ మీద మాత్రం కథ వేరేగా నడుస్తోంది. చెవిగారి భార్య మంచం మీద, సర్దిన సంచీ పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దున్నుంచీ పచ్చినీళ్ళు కూడా ముట్టుకోలేదు. ముట్టుకోవద్దన్నారు.

"విన్నావుటే? వచ్చాడు" అంది అక్క.

"వింటున్నాను."

"పొద్దున్నే వచ్చి నిలబడ్డాడు. ఈరోజని గుర్తుంది మరి. చెప్పడం చేతకాక పాట పెట్టుకున్నాడు, వెర్రి మనిషి. ఆయన గొంతు పెగిలి చెప్పేదెప్పుడు గనుక!"

పాట మళ్ళీ మొదటికి వచ్చింది. 'నువ్వు లేక నేను లేనే లేను.' సొంతంగా ఒక మంచిమాట చెప్పడం రాని మనిషి, అదే మాట గేటు ముందు నిలబడి పొద్దున్నుంచీ చెప్పిందే చెబుతుంటే, ఎంత రాయి చేసుకున్న మనసైనా ఎంతసేపు బిగపట్టుకుంటుంది? ఆవిడ కళ్ళు తుడుచుకుంది. సంచీ అందుకుంది.

"ఆయనతోనే వెళ్తాలే అక్కా. నువ్వూ వెనక కూర్చో. ఆ చెయ్యి పట్టుకుని పడుకుంటే కాస్త భయం తగ్గుతుంది" అంది.

కింద ఇన్‌స్పెక్టరు అప్పటికే చెవిగారి కాలరు పట్టుకున్నాడు.

"ఏంటయ్యా ఇది? ఊపిరి వినబడుతుందా నీకు? తాళం వేసుకున్నా వస్తావా?"

"ఎక్కడికి సార్?" అన్నాడు చెవిగారు, నిజంగానే అర్థంకాక.

"గోడకు చెవి పెట్టి ఏం వింటున్నావు? గేటుకు అడ్డంగా కారెందుకు పెట్టావు? ఆవిడ బయటికి రాకుండానా? నీలాంటి వాళ్ళని చాలామందిని చూశాను. మొదట పాటలే. తర్వాత యాసిడ్ సీసాలు."

చెవిగారు కాలరు విడిపించుకోబోయాడు. చుట్టూ చూశాడు. ఎదురింట్లో కర్టెను, పక్కింట్లో కర్టెను, డాక్టరు బిక్కమొహం. స్టేషనుకు తీసుకెళ్తే పాట ఎవరు పూర్తిచేస్తారు? ఆ ఆలోచన ముందు వచ్చింది. తర్వాత భయం వచ్చింది. ఆ రెండూ కలిసి అతని చేత మాట్లాడించాయి. భార్య కోసం వచ్చానంటే కటకటాలు తప్పవని అతనికి ఎలాగో అర్థమైంది.

"సార్, మీరు పొరబడుతున్నారు. ప్రేమా గీమా నాకేం లేదు సార్! నేను సౌండ్ చూసుకోవడానికి వచ్చాను. ఈ వీధి నిశ్శబ్దంగా ఉంటుంది, ఇక్కడ నీడ ఉంది, అందుకని ఆపాను. ఇంకో చోట నీడుంటే అక్కడే ఆపేవాడిని. ఈ ఇంట్లో నాకు ఈరోజు ప్రత్యేకంగా పనేమీ లేదు సార్."

"మీ ఆవిడ ఉందిగా?"

"ఉంది సార్. ఉంటే ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదు."

మేడ మెట్ల పైచివర, తెరిచిన తలుపులో, ఆవిడ సంచీతో నిలబడి ఉంది. చెవిగారు అటు వీపు పెట్టి ఉన్నాడు. డాక్టరు కళ్ళతో సైగ చేశాడు. చెవిగారు సైగలు వినలేడు.

"సాక్ష్యం?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

చెవిగారు ఆత్రంగా ప్రొడ్యూసర్‌కు ఫోన్ కలిపి, స్పీకర్ నొక్కాడు. ఇన్‌స్పెక్టరే సంగతి చెప్పాడు. అవతల పొట్ట పట్టుకుని నవ్వు.

"చెవిగారికా? ప్రేమ పిచ్చా? సార్, ఆయన నెలరోజులుగా వింటున్నాడు, ఆ పాట ప్రేమ గురించని ఆయనకు తెలిస్తే నేను స్టూడియో రాసిచ్చేస్తాను. మాటలు ఆయనకు ఎక్కవు సార్. మొన్నో విషాద గీతం చేశాం, తల్లి పోయిన పాట. పాడిన పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తుంటే, 'అమ్మా, ఆ వెక్కిళ్ళు తాళానికి ముందు పడుతున్నాయి, కాస్త సర్దుకో' అన్నాడు. ఆయన మీద ఇంకేం కేసు పెట్టినా నమ్ముతాను గానీ, ఇది మాత్రం నమ్మను."

"విన్నారా సార్!" అన్నాడు చెవిగారు, పరీక్ష పాసైనవాడిలా.

ఇన్‌స్పెక్టరు కాలరు వదిలేశాడు. వదిలి, అతని భుజం మీదుగా వెనక్కి చూశాడు. అప్పుడు చెవిగారు తిరిగాడు.

భార్య మెట్లు దిగి వచ్చింది. ఎదురుగా నిలబడింది. మొహంలో కోపం లేదు. కోపం ఉంటే అతనికి కాస్త ధైర్యంగా ఉండేది.

"మరైతే ఈరోజని వచ్చింది కాదు" అంది.

"ఈరోజేంటి?"

"నేను ఎందుకు వచ్చేశానో తెలుసా నీకు?"

"కుళాయి..." అన్నాడు.

"ఆ రోజు సాయంత్రం, ఇదే కారులో, ఇదే పాట పెట్టుకుని ఉన్నావు. నీ పక్కన కూర్చుని నీకో మాట చెప్పాను. ఏం చెప్పానో చెప్పు."

అతనికి హాయి అనిపించింది. అది గుర్తుంది! బాగా గుర్తుంది. "అద్దం సగం దించి ఉంది. నువ్వు మామూలు కంటే కింది శ్రుతిలో మాట్లాడావు. మొదట్లో గొంతు బాగానే ఉంది, మధ్యలో చిన్న బీట పడింది. ఒక్కోమాటకు ముందు ఊపిరి ఎక్కువ తీసుకున్నావు. చివర్లో గొంతు దాదాపు గాలి అయిపోయింది. నాకింకా చెవిలో ఉంది."

"మాటలు?"

చెవిగారు నోరు తెరిచాడు. వీధి వీధంతా ఆగి వింటున్నట్టుంది. కారులో పాట మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. అతను ఆ సాయంత్రాన్ని వెనక్కి తిప్పి తిప్పి విన్నాడు. గొంతు వచ్చింది, వణుకు వచ్చింది. మాట ఒక్కటి రాలేదు.

"రొమ్ములో గడ్డ చేతికి తగిలింది అన్నాను. డాక్టరమ్మ కోసి చూడాలంటోంది అన్నాను. ఏ రోజో చెప్పాను, ఏ ఆసుపత్రో చెప్పాను. భయమేస్తోంది అన్నాను." ఆవిడ గొంతు మళ్ళీ అదే శ్రుతికి దిగింది. "నువ్వు తలూపి, 'బాగుంది' అన్నావు."

సరిగ్గా అప్పుడు స్పీకర్లు గరగరమని, టప్పుమని పాట ఆగిపోయింది. ఇంజను ఆపి పొద్దున్నుంచీ అంత పెద్ద స్పీకర్లు మోగిస్తే బ్యాటరీకి మాత్రం ప్రాణం ఎక్కడుంటుంది? డొక్కు కారు గేటుకు అడ్డంగా చచ్చిపోయింది. లోపల వదినగారి కారు, ఇవతల ఆసుపత్రికి మించిపోతున్న వేళ.

"తియ్యవయ్యా మరిదీ!" అంది వదిన. ఆవిడ అరవలేదు. అరిచే ఆవిడ అరవకపోతే మరీ భయం.

అతను తాళం తిప్పాడు. కారు టిక్కుమంది, అంతే. తర్వాత వీధివాళ్ళు చూసింది ఒక విచిత్రమైన ఊరేగింపు. ముందు చెవిగారు స్టీరింగు పట్టుకుని తోస్తున్నాడు. వెనక తెల్లకోటు డాక్టరు, పక్కన మెడలో గుడ్డతో, నోట్లో దూదితో ఇన్‌స్పెక్టరు. ఎదురింటి టీచరమ్మ కూడా మనసాగక వచ్చి ఒక చెయ్యి వేసింది. తోస్తున్నంతసేపూ ఎడమ తలుపు ఒక్కసారి కూడా జుర్రుమనలేదు. చెవిగారు అది గమనించాడు. గమనించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వదినగారి కారు బయటికి వచ్చింది. అతను కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. "నేనూ వస్తాను. వెనక కూర్చుంటాను. నోరెత్తను" అన్నాడు.

"నోరెత్తకపోవడం కొత్తేం కాదుగా" అంది భార్య. అద్దం పైకెత్తే ముందు ఒక్కక్షణం ఆగింది. "పైనుంచి వింటే నిజమనుకున్నాను. కిందికి దిగకుండా ఉండాల్సింది." అద్దం పైకి వెళ్ళింది. కారు మలుపు తిరిగింది.

అతను డాక్టరును పట్టుకున్నాడు. "అన్నయ్యా, ఏ ఆసుపత్రి? ఒక్కమాట చెప్పు."

"చెప్పొద్దంది తమ్ముడూ." డాక్టరు చూపు తిప్పుకున్నాడు. "ఆ మాట నీకు ఒకసారి చెప్పిందట."

చెవిగారు వెళ్ళి చచ్చిన కారులో కూర్చున్నాడు. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు, ఏ శ్రుతిలో వస్తోందో కూడా చూసుకోలేదు. ఆవిడ చల్లటి బల్ల మీద పడుకుని ఎవరి చెయ్యి పట్టుకుంటుందో అన్న ఊహ ఒక్కటే లోపల తిరుగుతోంది, దుం... త, దుం, త. పక్కసీటు తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చున్నాడు. క్లినిక్కుకు తిరిగి వెళ్ళడం ఎంత ఆలస్యమైతే అంత మంచిది అతనికి.

"సార్," అన్నాడు చెవిగారు ముక్కు తుడుచుకుంటూ, "ఆ పాటలో చివరి లైను ఏంటి సార్?"

ఇన్‌స్పెక్టరు అతన్ని వింతగా చూశాడు. పొద్దున్నుంచీ వినీ వినీ ఈ పాటికి వీధిలో అందరికీ నోటికి వచ్చేసింది. "నువ్వు లేక నేను లేనే లేను" అన్నాడు, మొద్దు నాలుకతో ఒక్కో మాటా నిదానంగా కూడబలుక్కుంటూ.

చెవిగారు విన్నాడు. జీవితంలో మొదటిసారి ఒక పాట మాటలు విన్నాడు. బీటు లేకుండా, బేస్ లేకుండా.

ఇన్‌స్పెక్టరు జేబులో ఫోన్ మోగింది. స్టేషను నుంచి. ఎవరో టీచరమ్మ ఫిర్యాదు ఇచ్చారట, ప్రేమోన్మాది ఒకడున్నాడట, జీపు పంపమంటారా అని.

"అక్కర్లేదు, నేను ఇక్కడే ఉన్నాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అంతా వెతికి చూశాను. మనిషిలో ప్రేమ ఉన్నట్టు ఆధారాలేవీ దొరకలేదు."